మీసం కనబడేంత మెరుపు

పెద్దాయన ఒకరు మా జిల్లాకు పర్యటన మీద వచ్చి, సభ ముందు దిగి, దండ వేయించుకోబోయే ముందు జుట్టు సవరించుకోవాలనుకున్నారు. పక్కనున్న సర్కారు కారు బానెట్టులోకి వంగి చూశారు. అందులో ఆయన కనబడలేదు. ఎవరో ఒకరున్నట్టు మాత్రం తెలిసింది. ఆయన ఏమీ అనలేదు. చేత్తో తల తడుముకుని వెళ్ళిపోయారు. ఏమీ అనలేదు కాబట్టి అందరూ భయపడ్డారు.

కొద్ది రోజుల్లోనే ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ వాహనముల ఉపరితలమునందు అధికారి ముఖము స్పష్టముగా కనబడవలెను, కనబడని యెడల సంబంధిత సిబ్బంది బాధ్యత వహించవలెను అని అందులో ఉంది.

మాది సర్కారు బండ్లు బాగుచేసే షెడ్డు. ఊరి బయట, సముద్రం మీది ఉప్పుగాలి తగిలే చోట ఉంది. అంతవరకు మా దగ్గర మెరుపు అనే పని వేరే లేదు. రంగు వేసి, ఆరిన తరువాత పాత పంచె గుడ్డకు పాలిష్ అద్ది రుద్దేవాళ్ళు. చెయ్యి నొప్పి పుట్టిందంటే మెరుపు సరిపోయిందని లెక్క.

చేతినొప్పి శాస్త్రీయమైన కొలత కాదని ఇంజనీరు అనంతపద్మనాభం గారు చెప్పారు. మెషీను కొనాలి. మెషీన్లు రెండు జాతులట. ఒకటి ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. పని తొందరగా తెములుతుంది గాని ఏమరితే రంగు లేచిపోతుంది. రెండోది తిరుగుతూ పక్కలకు ఊగుతుంది. పని ఆలస్యం, రంగుకు ప్రమాదం తక్కువ. వాటికి తొడిగే బిళ్ళలు మళ్ళీ రెండు రకాలు, ఉన్నివి, స్పాంజివి. ఉన్నిది కోస్తుంది, స్పాంజిది నునుపు చేస్తుంది. పూసే పేస్టు కూడా గరుకుది వేరు, మెత్తది వేరు. ఇదంతా బజారులో రంగుల కొట్టతను టీ చల్లారేలోపల చెప్పేశాడు. అంత తొందరగా తెలిసిపోయే సంగతిని ప్రభుత్వం నమ్మకూడదు కాబట్టి కమిటీ వేశారు.

కమిటీకి ఛైర్మన్ చక్రధరరావు గారు, జాయింట్ డైరెక్టరు. ఇంజనీరు గారు ఒక సభ్యులు. అకౌంట్సు ఆఫీసరు హైమావతి గారు ఇంకొక సభ్యురాలు. ఆమె దేన్నయినా ఆడిట్ వైపు నుంచి చూసే మనిషి. టీ పొయ్యడానికి నేను.

మొదటి సమావేశం మెషీన్ల గురించి కాదు, ముఖం గురించి జరిగింది. అధికారి ముఖము అని ఉత్తర్వులో ఉంది గాని ఏ అధికారి అని లేదు. కావాలంటే తన ముఖం వాడుకోవచ్చునని ఛైర్మన్ గారు మొహమాటపడుతూ చెప్పారు. హైమావతి గారు ఒప్పుకోలేదు. అధికారులకు బదిలీలుంటాయి, ఈ ముఖానికి సరిపోయిందని కొన్న మెషీను రేపు వచ్చే ముఖానికి సరిపోకపోతే అభ్యంతరం రాస్తారన్నారు. ఛైర్మన్ గారి కళ్ళజోడు కూడా మెరుస్తుంది, బానెట్టు మెరుపేదో కళ్ళజోడు మెరుపేదో విడదీయడం కష్టమని ఇంజనీరు గారు అన్నారు.

బదిలీ లేని ముఖం కావాలి. ఎక్కువగా కదలని ముఖం కావాలి. నవ్వితే ఒక కొలత, నవ్వకపోతే ఒక కొలత వచ్చే ముఖం పనికిరాదు. ముగ్గురూ ఆలోచించారు. నేను గ్లాసులు సర్దుతున్నాను.

"మాల్యాద్రీ, ఇటు చూడు" అన్నారు ఛైర్మన్ గారు.

చూశాను.

"ఇతను నవ్వగా నేను ఇంతవరకు చూడలేదు" అన్నారు హైమావతి గారు. "రాసుకోండి."

అట్లా నాది ప్రామాణిక ముఖం అయింది. నా మీసం నెరిసి, ఒత్తుగా, కొసలు కిందికి వాలి ఉండేది. ఇంజనీరు గారికి అది బాగా నచ్చింది. మెరుపు తక్కువైతే మీసం మరకలాగా కనబడుతుందట. మెరుపు చాలినంత ఉంటే వెంట్రుకలు విడివిడిగా కనబడతాయట. కాబట్టి ప్రామాణిక ముఖము యొక్క మీసపు వెంట్రుకలు విడివిడిగా కనబడుటయే కొలత అని తీర్మానించారు. కొలత దొరికిందని బిస్కెట్లు తెప్పించారు.

తరువాత బండి కావాల్సొచ్చింది. నాలుగు కంపెనీల వాళ్ళు మెషీన్లు తెస్తామన్నారు, ఎవరు ఎంత మెరిపిస్తారో చూడాలి. ఏ సర్కారు బండి మీద చూద్దామన్నా అది ఎవరో ఒక అధికారిది. కిందివాళ్ళు ఇస్తామన్నారు గాని కిందివాళ్ళ బండి మీద తేలిన మెరుపు పైవాళ్ళ బండికి వర్తించదు. పైవాళ్ళను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కమిటీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అప్పుడు పెంచలయ్య కారు చక్రాలకు గాలి పట్టించుకోవడానికి షెడ్డులోకి వచ్చింది.

పెంచలయ్యది అద్దె కారు. అంటే బండి అతనిదే, వ్యవసాయ శాఖ ఆఫీసుకు నెలవారీ అద్దె మీద తిప్పుతున్నాడు. మా వైపు మనిషే, నన్ను మామా అంటాడు, వరస ఏమీ లేదు. నీళ్ళు లేక నిమ్మతోట ఎండిపోతే చెట్లు కొట్టేసి స్టీరింగు పట్టుకున్నాడు. ఆ తెల్ల కారు తప్ప ఆ ఇంటికి ఇంకొక ఆధారం లేదు. పొద్దున్నే దాన్ని తుడిచిన తరువాతనే తన మొహం కడుక్కుంటాడని వాళ్ళ ఆవిడ చెప్పేది.

కార్యాలయ వేళలందు వాహనము ప్రభుత్వ అవసరములకు అందుబాటులో ఉండవలెను అని అద్దె కాగితంలో ఉందని హైమావతి గారు గుర్తు చేశారు. పరీక్ష ప్రభుత్వ అవసరమే. పెంచలయ్యను పిలిచి చెప్పారు. అతను సంతోషపడ్డాడు. బజారులో పాలిష్ పెట్టించాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాడట. ఇంటికి ఫోను చేసి, గవర్నమెంటు వాళ్ళు మన బండికి ఊరికే పాలిష్ పెడతా ఉండారని ఆవిడకు చెప్పాడు.

మొదటి కంపెనీ వాళ్ళు ఊగే మెషీను తెచ్చారు. స్పాంజి బిళ్ళ తొడిగి, మెత్తని పేస్టు పూసి, బానెట్టు నడుమ చాపంత మేర నిదానంగా రుద్దారు. తుడిచిన తరువాత నన్ను దాని మీదికి వంగమన్నారు. వంగాను. కమిటీ పక్క నుంచి చూసింది. మీసం మీసంగానే కనబడింది, వెంట్రుకలు మాత్రం కనబడీ కనబడనట్టున్నాయి. పెంచలయ్య కూడా వంగి తన మొహం చూసుకున్నాడు. అందరికీ దణ్ణం పెట్టి, ఇంక పోయొస్తానని తాళంచెవి తీశాడు.

ఇంకా మూడు కంపెనీలున్నాయని అతనికి చెప్పారు. రెండో కంపెనీ వాళ్ళకు బానెట్టు ఎడమ పక్క ఇద్దామని ఇంజనీరు గారు అన్నారు. ఒకరికి నడుమ ఇచ్చి ఇంకొకరికి పక్కన ఇస్తే సమానత్వం ఎక్కడిదని హైమావతి గారు అడిగారు. ఓడినవాళ్ళు కోర్టుకు పోతారు. అందరికీ ఒకే చోటు ఇవ్వాలి. అయితే ఆ చోటు ఇప్పటికే మెరుస్తోంది. మెరిసే చోట మెరిపించడం రెండో కంపెనీకి అనుచితమైన లాభం. కాబట్టి ముందు దాన్ని పూర్వస్థితికి తేవాలి.

పూర్వస్థితికి గరుకు కాగితం తెప్పించారు. రుద్దిన చోట బూడిద పట్టినట్టయింది. పెంచలయ్య చేతులు రెండూ తల మీద పెట్టుకున్నాడు.

"సార్, మెరుపు బాగానే వచ్చింది గదా. నాకిది చాలు సార్" అన్నాడు.

"మీకు మెరుపు వచ్చిందయ్యా" అన్నారు ఛైర్మన్ గారు ఓపికగా. "మాకింకా పోలిక రాలేదు."

రెండో కంపెనీ కూడా బాగానే మెరిపించింది. మళ్ళీ పూర్వస్థితికి తెచ్చారు. మూడో కంపెనీ వాళ్ళు రుద్దుతూ ఉండగా తెలుపు పోయి, అడుగున పూసిన బూడిదరంగు అస్తరు పైకొచ్చింది. నేను వంగితే అందులో నేను లేను. ఇది మా తప్పు కాదని, రంగు అయిపోయిందని ఆ కంపెనీ మనిషి చెప్పుకున్నాడు. రంగు మొదటి ఇద్దరికీ దొరికి మీకే ఎందుకు దొరకలేదని హైమావతి గారు అడిగితే అతను మెషీను సర్దుకున్నాడు. మూడవ యంత్రము ముఖమును మాయము చేయుచున్నది అని రాసుకున్నారు. మళ్ళీ పూర్వస్థితికి తెచ్చారు.

నాలుగో కంపెనీ వాళ్ళది గిరగిర తిరిగేది. ఉన్ని బిళ్ళ, గరుకు పేస్టు. మోత కూడా పెద్దదే. ఆపేసరికి బానెట్టు నడుమ రంగు లేదు, అస్తరు లేదు, ఒట్టి ఇనుము తళతళలాడుతోంది. వంగాను. మీసం వెంట్రుకలు ఏది దానికది కనబడ్డాయి. ముక్కు పక్కన చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చ కూడా కనబడింది. అది ఉన్న సంగతి నేనే మరిచిపోయాను. ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. కమిటీ లేచి నిలబడి నాలుగో కంపెనీ మనిషితో చేతులు కలిపింది.

"రంగేది సార్?" అన్నాడు పెంచలయ్య.

"రంగు మెరుపుకు అడ్డంగా ఉన్నట్టు పరీక్షలో తేలింది" అన్నారు ఇంజనీరు గారు.

పెంచలయ్య ఆ ఇనుమును చేత్తో తడిమి చూశాడు. బండి ఇస్తే తీసుకుపోతానన్నాడు. అప్పుడు అతనికి పద్ధతి చెప్పారు. సర్కారు ఏ వస్తువు కొన్నా ఒప్పుకున్న నమూనాకు సీలు వేసి దాచిపెడుతుంది. సరుకు వచ్చినప్పుడు నమూనాతో పోల్చి చూసుకుంటుంది. ఇక్కడ ఒప్పుకున్నది మెరుపు. మెరుపును విడిగా సంచిలో వెయ్యడం కుదరదు. అది దేని మీద ఉందో దాన్నే దాచాలి.

బానెట్టు ఒక్కటీ విప్పి ఇస్తానని పెంచలయ్య అన్నాడు. అది మంచి మాటే. పానా కూడా తెచ్చుకున్నాడు. అయితే పరీక్షకు స్వీకరించినది వాహనము అని అప్పటికే రాసి ముగ్గురూ సంతకాలు పెట్టేశారు. బానెట్టు అని దిద్దితే దిద్దినందుకు సంజాయిషీ ఇవ్వాలి. స్పేరు సామాన్ల గది ఖాళీ చేయించి, కారును లోపలికి నెట్టించి, పైన కోరాగుడ్డ కప్పి, తాళ్ళు కట్టి, ముడుల మీద లక్క పోశారు. కొవ్వొత్తి నేనే పట్టుకున్నాను. మెషీన్ల సరఫరా ముగిసేదాకా నమూనా కదలకూడదు. పోల్చడానికి ముఖం కావాలి కాబట్టి నేను కూడా కదలకూడదని, సెలవులు పెట్టవద్దని చెప్పారు.

పెంచలయ్య ఆ రోజు నడిచి ఇంటికి పోయాడు.

మెషీన్లు జట్లు జట్లుగా రావడం మొదలైంది. జిల్లాలో బండ్లన్నీ వరసగా షెడ్డుకొచ్చాయి. రంగు మీద ఎంత రుద్దినా వెంట్రుకలు విడివిడిగా కనబడేవి కావు. రంగు పోయిన తరువాత కనబడేవి. అందుకని రంగు పోయేదాకా రుద్దేవాళ్ళు. జీపులు, కార్లు, నీళ్ళ ట్యాంకరు, దోమల మందు కొట్టే బండి, అన్నీ గిన్నెల్లాగా తయారయ్యాయి. ప్రతి బండి మీదికీ నేను వంగేవాణ్ణి. నడుము పట్టేస్తే అమృతాంజనం రాసుకుని వంగేవాణ్ణి. అనుమానం వచ్చినప్పుడు గదిలో సీలు పగలగొట్టి, నమూనా మీద వంగబెట్టి చూసి, మళ్ళీ సీలు వేసేవాళ్ళు. ఉప్పుగాలికి నమూనా మసకేస్తే దాన్ని కూడా మెషీనుతో రుద్దేవాళ్ళు. నమూనాను నమూనాతో సమానంగా ఉంచడం చాలా కష్టమని ఇంజనీరు గారు అనేవారు.

ఎండలో ఆ బండ్లు ఎదురుగా వస్తే ఎదుటి డ్రైవర్లకు కళ్ళు కనబడలేదు. ఒక జీపు వెళ్ళి వడ్లబస్తాల మీదెక్కింది. మెరుపు అధికముగా ఉన్నట్లు రుజువైనది అని సంతోషంగా రాసుకుని, ఎండవేళ బండ్లు బయటికి తీయవద్దని చెప్పారు. కార్తీకంలో ముసురు పట్టింది. ఒక్క వానకు బండ్లన్నీ కావిరంగుకు తిరిగాయి. ముఖము కనబడుటలేదు, తుప్పు కనబడుచున్నది అని అన్ని ఆఫీసుల నుంచి రాసి పంపారు. మళ్ళీ రుద్దారు. వానవేళ కూడా బయటికి తీయవద్దని చెప్పారు. రాత్రిపూట తిరిగితే ముఖం ఎట్లాగూ కనబడదు. చివరికి బండ్లన్నిటినీ షెడ్డులో వరసగా నిలబెట్టి గుడ్డలు కప్పారు. తిరగని బండి మెరుపు చెక్కుచెదరదని కమిటీ కనిపెట్టింది. పైనుంచి మెచ్చుకుంటూ కబురు వచ్చింది.

అధికారులు ఆటోల్లో తిరిగారు, తరువాత బయటి అద్దె కార్లకు ఎగబడ్డారు. ఊళ్ళో అద్దె కారున్న ప్రతివాడికీ తీరిక లేదు. పెంచలయ్య ఒక్కడే ఖాళీగా ఉన్నాడు.

వ్యవసాయ శాఖ వాళ్ళు అతనికి నోటీసు ఇచ్చారు, వాహనము విధులకు హాజరు కావడం లేదని. బండి ఫలానా షెడ్డులో ఉందని అతను చెప్పాడు. వాళ్ళు మా షెడ్డుకు రాశారు. మా వద్ద వాహనమేదియు లేదు, ఆమోదిత నమూనా ఒకటి మాత్రము కలదు అని మా వాళ్ళు జవాబిచ్చారు. ఇద్దరి కాగితాలూ నిజమే కాబట్టి అబద్ధం పెంచలయ్యది అయింది. ఉగాదిలోగా బండి ఆఫీసు ముందు నిలబడకపోతే అతని చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు.

రోజూ షెడ్డుకొచ్చి ఆ గది తలుపు దగ్గర కూర్చునేవాడు. వారానికి ఒకసారైనా ఇంజను స్టార్టు చెయ్యకపోతే బ్యాటరీ చచ్చిపోతుందనేవాడు. స్టార్టు చేస్తే బండి అదిరి లక్క పగులుతుందని ఒప్పుకోలేదు. లోపల ఎలుకలు తిరిగిన చప్పుడైతే తలుపుకు చెవి ఆనించి, అవి వైర్లు కొరుకుతున్నాయో గుడ్డ కొరుకుతున్నాయో చెప్పేవాడు. ఇంటి దగ్గర ఏం పెట్టి అన్నం వండుతున్నారని నేను అడగలేదు. నా క్యారేజీలో సగం పెట్టేవాణ్ణి. తినేవాడు.

ఉగాది దగ్గరపడింది. ఒకరోజు వచ్చి, తలుపు వైపు చూడకుండా నా పక్కన కూర్చున్నాడు.

"మామా, కోనలో నరసింహస్వామికి మొక్కుకున్నా. బండి ఇంటికొస్తే తల్నీలాలు ఇస్తానని."

మంచిదే అన్నాను.

"ఇంగ ఆగలేను. పని అయినాక ఇచ్చేది అందరూ ఇస్తారు. కంపెనీ వోళ్ళు చూడు, టెండరుకు ముందే డిపాజిట్టు కడతారు. మనం కూడా ముందే కట్టేద్దాం."

అది కూడా మంచిదే అన్నాను. పెంచలయ్య తలపాగా తీశాడు. బట్టతల, నున్నగా ఉంది. చెవుల వెనక కూడా ఏమీ లేదు.

"మరి ఏం ఇస్తావబ్బయ్యా?"

"అదే గదా చిక్కు" అన్నాడు. "మొక్కుకునేటప్పుడు జ్ఞాపకం రాలా. ఎవురన్నా నా బదులు ఇయ్యచ్చని పూజారి చెప్పినాడు. నువ్వయితే ఒత్తుగా ఉండావు మామా. మొక్కు నాది, గుండు నీది."

ఆలోచించడానికి ఏమీ కనబడలేదు. జుట్టు మళ్ళీ వస్తుంది. శనివారం షెడ్డు మూసిన తరువాత ఇద్దరం బస్సెక్కాం. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా పెంచలయ్య ఎడమ కాలు కదిలింది. కోనలో దిగి, ఏట్లో మునిగి, కల్యాణకట్టలో కూర్చున్నాను. మంగలి తల అయిన తరువాత మీసం మీద కత్తి పెట్టి, ఇది కూడానా పెద్దాయనా అని అడిగాడు. నేను పెంచలయ్య వైపు చూశాను. సగం డిపాజిట్టు కడితే టెండరు చెల్లదని అతను చెప్పాడు. తియ్యమన్నాను. చల్లగా అనిపించింది.

సోమవారం కమిటీ వచ్చింది. చివరి జట్టు మెషీన్లు వచ్చాయి, నమూనాతో పోల్చాలి. సీలు పగలగొట్టి గుడ్డ తీశారు. నేను వంగాను. ముగ్గురూ ఎప్పటిలాగా పక్క నుంచి చూశారు. ఒకరి తరువాత ఒకరు ఇంకా దగ్గరికి వంగి చూశారు.

"మీసం లేదు" అన్నారు ఇంజనీరు గారు, బానెట్టులోకే చూస్తూ.

మెరుపు తగ్గిందేమో, మెషీనుతో ఒకసారి రుద్దమన్నారు ఛైర్మన్ గారు. రుద్దారు. మీసం రాలేదు. ఇంకా గరుకు పేస్టు వేసి రుద్దారు. అప్పుడు బానెట్టు ఒకచోట చిల్లుపడి, లోపల ఇంజను కనబడింది. మీసం మాత్రం రాలేదు. అప్పుడు హైమావతి గారు తలెత్తి, బానెట్టులో కాకుండా బయట ఉన్న నా వైపు చూశారు.

"ఏదీ?" అన్నారు.

"కోనలో ఇచ్చానమ్మా."

"ఎవరి అనుమతితో?"

స్వామి అనుమతి అనుకోవాలేమో. మీసం లేకపోతే కొలత లేదు, కొలత లేకపోతే నమూనా లేదు, నమూనా లేకపోతే ఇంతవరకు కొన్న మెషీన్లన్నీ దేనితో పోల్చి కొన్నట్టని ఆమె అడిగారు. మీసం మళ్ళీ పెరుగుతుందన్నారు ఇంజనీరు గారు. పెరిగే మీసం రోజుకొక కొలత అవుతుంది, ఏ రోజుది ప్రమాణమని హైమావతి గారు అడిగారు. అయితే నాటకాల వాళ్ళు పెట్టుకునే మీసం ఒకటి తెప్పిద్దామన్నారు ఛైర్మన్ గారు. అది పెరగదు, నెరవదు, కోనకు పోదు. ముగ్గురికీ నచ్చింది. అయితే కట్టుడు మీసాల్లో కూడా చాలా రకాలుంటాయట. జనపనారవి, గుర్రపు వెంట్రుకవి, నైలానువి. ఏది కొనాలో ఊరికే తేల్చడానికి లేదు. మీసపు ఎంపిక కమిటీ ఒకటి అక్కడే నిలబడి వేసుకున్నారు. సభ్యులు ఆ ముగ్గురే.

కంపెనీలు పంపే మీసాల నమూనాలు దాచడానికి సీలు వేసే గది ఒకటి కావాలి. షెడ్డులో ఉన్నది ఆ ఒక్క గదే.

"దీన్ని బయటికి తియ్యండి" అన్నారు ఛైర్మన్ గారు కారు వైపు చెయ్యి చూపించి.

తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి ఇవ్వాలని, అంటే తెల్లరంగు వేయించి ఇవ్వాలని, దానికి రంగుల కమిటీ కావాలని హైమావతి గారు చెప్పబోయారు. తలుపు దగ్గరున్న పెంచలయ్య ఆమెకు రెండు చేతులా దణ్ణం పెట్టి, ఉన్నది ఉన్నట్టు ఇస్తే చాలు తల్లీ అన్నాడు. మంచి స్థితిలో ముట్టినది అని రాసిన చోట సంతకం పెట్టాడు. చిల్లులోంచి ఇంజను మా ఇద్దరి వైపూ చూస్తోంది. బ్యాటరీ చచ్చిపోయింది. షెడ్డు వాళ్ళందరం వెనక నుంచి తోశాం. గేటు దాటిన తరువాత బండి దగ్గి, వణికి, అంటుకుంది. పెంచలయ్య ఆపకుండా తలుపు తీసి, ఎక్కు మామా అన్నాడు. ముఖం పని అయిపోయింది, సెలవు పెట్టకూడదనే మాట కూడా పోయినట్టే కదా. ఎక్కాను.

వ్యవసాయ శాఖ ఆఫీసు ముందు నిలబెట్టాం. ఉగాదికి ఇంకా టైముంది. అక్కడి సూపరింటెండెంటు బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి చాలా సంతోషపడ్డాడు. జిల్లాలో తిరిగే బండ్లలో ముఖం కనబడేది ఇదొక్కటే, మిగతావన్నీ తెల్లగా పనికిమాలినట్టున్నాయి, రేపటి నుంచి డైరెక్టరు గారికే పెట్టేస్తామన్నాడు. బానెట్టు మాత్రం వారానికి ఒకసారి షెడ్డులో రుద్దించుకు రావాలన్నాడు.

పెంచలయ్య ఆయన చెప్పిందంతా విన్నాడు. తరువాత తన అద్దె కాగితం ఆయన చేతిలో పెట్టి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. నిమ్మకాయల మార్కెట్లో వ్యాపారులు తెల్లవారుజామున తోటలకు పోవడానికి కారు అడుగుతున్నారని, వాళ్ళకు బానెట్టుతో పని లేదని దారిలో చెప్పాడు.

మార్కెట్టు రోడ్డులో రేకుల కింద రంగులు వేసే అతని దగ్గర ఆపాం. చిల్లుకు రేకు అతికి, అస్తరు పూసి, తెల్లరంగు కొట్టడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు వెళ్ళేసరికి బండి మళ్ళీ తెల్లగా ఉంది. పెంచలయ్య చేతి గుడ్డ తీశాడు గాని తుడవలేదు, పక్కనే నిలబడ్డాడు.

రంగులతను లోపల నుంచి ఒక మెషీను తెచ్చి చూపించాడు. గిరగిర తిరిగేది. కొత్తదట.

"పాలిష్ కూడా పెట్టేదా అన్నా? మొహం చూసుకోవచ్చు."

పెంచలయ్య రెండడుగులు ముందుకేసి బండికీ అతనికీ నడుమ నిలబడ్డాడు.

"వద్దు నాయనా. బాగా ఆరినాక, రోడ్డు మీది దుమ్ము కాస్త తెచ్చి దీని మీద కొట్టియ్యి."